మందు చేరాల్సిన చోటు



నానో అన్న మాట మన ఖమ్మం జిల్లా రైతుల దగ్గరికి 2021లో యూరియా సీసాతో వచ్చింది. కూసుమంచిలో అడిగినా, నేలకొండపల్లిలో అడిగినా, అర లీటరు సీసా బాగానే పనిచేసిందన్న వాళ్లు ఉన్నారు, బస్తానే నయమన్న వాళ్లూ ఉన్నారు. ఆ పంచాయితీ జోలికి నేను పోను. ఇవాళ నేను మాట్లాడబోయేది అదే కొలతలో తయారయ్యే ఇంకో సరుకు గురించి. క్యాన్సర్ మందును లోపల పెట్టుకొని రక్తంలో ప్రయాణం చేసి, మందును దించి, ఆ తర్వాత ఒంట్లోనే కరిగిపోయే రేణువుల గురించి.

ముందు కొలత చెప్పుకుందాం. ఒక మిల్లీమీటరుకు పది లక్షల నానోమీటర్లు. తల వెంట్రుక మందం దాదాపు 80,000 నుంచి 1,00,000 నానోమీటర్లు ఉంటుంది. మందు మోసే రేణువు 100, మహా అయితే 150, 200. ఆ కొలత ఎవరో సరదాకు పెట్టింది కాదు. ఐదారు నానోమీటర్ల కంటే చిన్నదైతే మూత్రపిండాలు వడగట్టి బయటికి పంపేస్తాయి. 200 దాటి పెద్దదైతే కాలేయం, ప్లీహం చెత్త అనుకొని పట్టేసుకుంటాయి. ఈ రెండింటికీ దొరక్కుండా రక్తంలో కొన్ని గంటలు తిరగాలంటే ఆ మధ్య సైజులోనే ఉండాలి.

ఇంత అవస్థ ఎందుకు? ఊళ్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే మొదట వినపడే మాట కీమో. సూర్యాపేట మీదుగా హైదరాబాదు పోవాలి. ఎం.ఎన్.జె. ఆస్పత్రిలోనో, బసవతారకంలోనో సెలైన్‌లో మందు ఎక్కించుకోవాలి. చాలా మందుల విషయంలో మూడు వారాలకు మళ్లీ పోవాలి. ఆ మనిషి ఇంటికొచ్చాక చూడవచ్చినవాళ్లు గడ్డ తగ్గిందా అని అడగరు. జుట్టు ఊడిపోయిందని, నోట్లో పుండ్లని, అన్నం సయించడం లేదని బాధపడతారు. రక్తపరీక్షలో తెల్లకణాలు పడిపోయాయని డాక్టరు తరువాతి విడత వాయిదా వేస్తే ఇంటిల్లిపాదికీ కొత్త భయం పట్టుకుంటుంది. జబ్బు కన్నా మందే మనిషిని తినేస్తోందని అరుగుల మీద అనుకునేది అందుకే.

ఆ మాటలో నిజం లేకపోలేదు. క్యాన్సర్ కణం ఆగకుండా విభజన చెందుతూ పోతుంది. పాతకాలపు కీమో మందుల్లో ఎక్కువ భాగం విభజన చెందే కణాన్ని పట్టి చంపేవే. కానీ మన ఒంట్లో రోజూ విభజన చెందాల్సిన మంచి కణాలూ ఉన్నాయి. జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముక మజ్జ. మందుకు వీటి మధ్య తేడా తెలియదు. నల్లతామర పురుగు వచ్చిన ఏడు మన మిర్చి రైతులు చేనంతా మందు కొట్టారు గుర్తుందా? పురుగు పూల లోపల దాక్కుంది. మందేమో ఆకుల మీద పడింది, నేల మీద పడింది, కొట్టే మనిషి ఊపిరితిత్తుల్లోకీ పోయింది. నరంలోకి ఎక్కించిన కీమో మందు పరిస్థితి కూడా అంతే. గడ్డ ఒకచోట ఉంటే మందు ఒళ్లంతా పోతుంది.

ఈ కీమో కథ మొదట్లోనే మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, ఆ తర్వాత అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు మారాడు. ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. ఇవాళ గర్భిణులకు మన ఆశా కార్యకర్తలు ఇచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌కు తోడుగా ఉండేది ఇదే. కణం విభజన చెందాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అయితే దాని పోలికలోనే ఉండి పని మాత్రం చెడగొట్టే పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం అలాంటి పదార్థాలను తయారు చేసి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుకు పంపింది. రక్తక్యాన్సర్‌తో చనిపోవడం తప్ప వేరే దారిలేని పిల్లలకు ఆయన వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ ఇచ్చాడు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. శాశ్వతంగా కాదు, తాత్కాలికంగానే. కానీ ఆ జబ్బు మందుకు లొంగుతుందని లోకం మొదటిసారి చూసింది అక్కడే. ఆ ఆగస్టులోనే, 8వ తేదీన, సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ అన్ని క్యాన్సర్ ఆస్పత్రుల్లోనూ ఉంది, కీళ్లవాతానికీ వాడుతున్నారు. ఆ మందు బలమూ, ఆ మందుతో వచ్చే నోటి పుండ్లూ ఒకే గుణం నుంచి పుట్టినవి. మందును మార్చకుండా ఈ చిక్కు తీరాలంటే మందు పోయే దారిని మార్చాలి. దాదాపు యాభై ఏళ్లుగా ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు పడుతున్న తంటా అదే.

దారి మార్చడం అన్న పనికి ఇంకో కారణం కూడా ఉంది. అది మన చెలకల్లో పండే ఆముదంతో ముడిపడింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పాక్లిటాక్సెల్ అని ఒక మందు. రొమ్ము క్యాన్సర్‌కు, అండాశయ క్యాన్సర్‌కు విస్తారంగా వాడతారు. అమెరికా పశ్చిమ తీరంలో పెరిగే యూ అనే చెట్టు బెరడులో దొరికింది. 1962లో బెరడు సేకరించారు, 1971లో దాని నిర్మాణాన్ని మన్రో వాల్, మన్సుఖ్ వాణీ వెల్లడించారు. ఆ రెండో ఆయన మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టినవాడు. మందు గొప్పదే కానీ నీళ్లలో కరగదు. కరగని మందును నరంలోకి ఎలా ఎక్కిస్తారు? ఆముదాన్ని రసాయనికంగా మార్చి చేసిన క్రెమోఫోర్ అనే ద్రావకంలో, ఆల్కహాల్ కలిపి కరిగించారు. కరిగింది. కానీ కొందరిలో ఈ ద్రావకమే ఒళ్లు దద్దుర్లెక్కించడం, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం వంటి ప్రమాదాలు తెచ్చింది. అందుకే పాత పద్ధతిలో పాక్లిటాక్సెల్ ఇచ్చే ముందు స్టెరాయిడ్, ఎలర్జీ ఇంజక్షన్లు ఇస్తారు, మందును మూడు గంటల పాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. అంటే రోగి పడే బాధలో కొంత వాటా మందుది కాదు, మందును మోసుకొచ్చిన ద్రావకానిది. మోసేదాన్ని మారిస్తే ఎంత లాభమో దీన్ని బట్టి ఊహించండి.

అలా మార్చినవాళ్లు ఎంచుకున్నది అల్బుమిన్. మన కాలేయం తయారుచేసే ప్రొటీన్ అది, రక్తద్రవంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది. పాక్లిటాక్సెల్‌ను దానితో కలిపి దాదాపు 130 నానోమీటర్ల రేణువులుగా చేశారు. ఆముదం ద్రావకం అక్కర్లేదు, ముందు స్టెరాయిడ్ ఇవ్వాల్సిన అవసరం మామూలుగా ఉండదు, మూడు గంటలకు బదులు అరగంటలో ఎక్కించేయవచ్చు. రోగి ఒంట్లోకి పోయాక అల్బుమిన్ అల్బుమిన్‌లో కలిసిపోతుంది. అబ్రాక్సేన్ పేరుతో అమెరికాలో 2005 జనవరిలో దీనికి అనుమతి వచ్చింది. వ్యాప్తి చెందిన రొమ్ము క్యాన్సర్ ఉన్న నాలుగు వందల పైచిలుకు మంది మీద పోల్చి చూస్తే, పాత రకంతో గడ్డలు గణనీయంగా తగ్గినవాళ్లు 19 శాతం, కొత్త రకంతో 33 శాతం. తెల్లకణాలు బాగా పడిపోవడం కూడా కొత్త రకంలో తక్కువ. ఇక్కడితో ఆపేస్తే వ్యాపార ప్రకటన అవుతుంది. చేతులూ కాళ్లూ తిమ్మిర్లెక్కి మొద్దుబారడం పాత రకంలో తీవ్రంగా 2 శాతం మందికి వస్తే, కొత్త రకంలో 10 శాతం మందికి వచ్చింది. మోసేది మెరుగైందని డోసు పెంచారు, పెంచిన డోసు నరాల మీద పడింది. హైదరాబాదులోని నాట్కో ఫార్మా ఇదే తరహా మందును అల్బుపాక్స్ పేరుతో మన దేశంలో తెచ్చింది. కాబట్టి మన రాష్ట్రంలో నానో క్యాన్సర్ మందు భవిష్యత్తు ముచ్చట కాదు, ఇప్పటికే చీటీ మీద రాస్తున్న మందు.

మోసే రేణువు ఎప్పుడూ ప్రొటీనే కానక్కర్లేదు. అసలు ఈ రంగానికి వెన్నెముక లాంటిది ఇంకొకటి ఉంది. దాని పేరు పి.ఎల్.జి.ఎ. పేరు కఠినంగా ఉన్నా దినుసులు తెలిసినవే. ఒకటి లాక్టిక్ యాసిడ్: పెరుగు పులవడానికి కారణం అదే, పొలంలో ఒళ్లు వంచి పనిచేసినప్పుడు మన కండరాల్లో తయారయ్యేదీ అదే. రెండోది గ్లైకాలిక్ యాసిడ్, చెరకు రసంలోనూ ఉంటుంది. ఈ రెండింటినీ గొలుసులా కలిపితే గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం వస్తుంది. తేడా ఏమిటంటే నీళ్లు తగిలితే ఆ గొలుసు లింకులు ఒక్కొక్కటే తెగిపోతాయి. చివరికి మళ్లీ ఆ రెండు యాసిడ్లే మిగులుతాయి. వాటిని శరీరం మామూలు ఆహారంలా వాడుకొని నీళ్లుగా, బొగ్గుపులుసు వాయువుగా బయటికి పంపేస్తుంది.

ఇది మీకు తెలియని వస్తువేం కాదు. ఆపరేషన్ చేశాక లోపల వేసి, తీయాల్సిన పని లేకుండా వదిలేసే కరిగే కుట్లు ఉంటాయి కదా, వాటిలో ఎక్కువ భాగం ఈ జాతి పదార్థమే. 1970ల నుంచి డాక్టర్లు వాడుతున్నారు. నానో రేణువుల కన్నా ముందే క్యాన్సర్ వైద్యంలోకీ వచ్చింది. ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సర్‌కు వాడే లూప్రోలైడ్ అనే హార్మోన్ మందును ఇదే పదార్థపు గుళికల్లో పెట్టి, నెలకొక ఇంజక్షన్‌గా 1989లో అమెరికాలో అనుమతించారు. అవి నానో కాదు, మైక్రో. అంటే ఎన్నో రెట్లు పెద్దవి. కండలో పడి ఉండి నెల రోజులు మెల్లమెల్లగా మందు వదులుతాయి. రక్తనాళంలో తిరగాలంటే మాత్రం నానో సైజుకు రావాల్సిందే. 1994లో రుక్సాండ్రా గ్రెఫ్, రాబర్ట్ లాంగర్ తదితరులు అలాంటి కరిగే నానో రేణువుల మీద పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే మెత్తటి పూత వేసి చూపించారు. ఆ పూత వల్ల రక్తంలోని కాపలా కణాలు వాటిని గుర్తుపట్టడం ఆలస్యమైంది, రేణువులు ఎక్కువసేపు తిరిగాయి. దక్షిణ కొరియాలో 2007లో అనుమతి పొందిన జెనెక్సాల్ పి.ఎం. అనే పాక్లిటాక్సెల్ మందు ఈ బంధువర్గంలోదే.

కరగడం అంత ముఖ్యమా అని ఎవరికైనా అనిపించవచ్చు. బంగారంతో, సిలికాతో, కార్బన్‌తో కూడా నానో రేణువులు చేస్తారు. ప్రయోగశాలలో అవి అందంగా ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. మందు దించాక అవి ఎక్కడికి పోతాయన్నదే పేచీ. కాలేయంలోనో, ప్లీహంలోనో పేరుకొని నెలల తరబడి ఉండిపోవచ్చు. క్యాన్సర్ రోగికి కీమో ఒకసారితో అయిపోదు. ఆరు విడతలు, ఎనిమిది విడతలు ఎక్కిస్తే ఆ పోగు ఎంత? అందుకే నా ఓటు కరిగే రేణువుకే.

తయారీ కూడా విచిత్రంగా ఏమీ ఉండదు. కరిగే పదార్థాన్నీ మందునూ కలిపి, నీటిలో కలవని ఒక ద్రావకంలో కరిగిస్తారు. దాన్ని సబ్బు లాంటి గుణం ఉన్న నీటిలో పోసి, శబ్ద తరంగాలతో బలంగా కదిలిస్తే కంటికి కనిపించని బొట్లుగా విడిపోతుంది. ద్రావకాన్ని ఆవిరి చేస్తే బొట్లు గట్టిపడి రేణువులవుతాయి. వేగంగా తిప్పే యంత్రంలో వేసి వేరుచేసి, గడ్డకట్టించి ఆరబెడితే తెల్లటి పొడి. చెప్పడానికి నాలుగు మాటలే. ప్రతి బ్యాచ్‌లోనూ రేణువులన్నీ ఒకే సైజులో రావాలి, ప్రతిదానిలోనూ మందు అంతే ఉండాలి, రోగక్రిములు లేకుండా ఉండాలి. ఒక గ్రాము చేసినప్పుడు వచ్చినది పది కిలోలు చేసినప్పుడు రాదు. ప్రయోగశాలలో గెలిచి ఫ్యాక్టరీలో ఓడిపోయిన రేణువులు చాలా ఉన్నాయి. ఇంకో చిక్కు, రక్తంలోకి పోగానే పై పైన ఉన్న మందు ఒక్కసారిగా బయటికి వచ్చేస్తుంది. గడ్డ దాకా దాచిపెట్టమంటే గుమ్మంలోనే పారబోసినట్టు. దినుసుల పాళ్లు మార్చి దీన్ని కొంత అదుపు చేస్తారు. లాక్టిక్, గ్లైకాలిక్ సగం సగం వేస్తే గొలుసు తొందరగా తెగుతుంది, లాక్టిక్ పాలు పెంచితే నెమ్మదిస్తుంది.

ఈ పని ఎక్కడో అమెరికాలో మాత్రమే జరుగుతోందనుకోవద్దు. మన పక్కనే వరంగల్లో కాకతీయ విశ్వవిద్యాలయం ఫార్మసీ కళాశాల ఉంది. కూసుమంచి గణపేశ్వరాలయం కట్టిన రాజవంశం పేరే ఆ విశ్వవిద్యాలయానికి పెట్టారు. మన జిల్లా పిల్లలు చాలామంది ఫార్మసీ చదువుకు వెళ్లేది అక్కడికే. అప్పట్లో అక్కడి అధ్యాపకుడైన వొబలబోయిన వెంకటేశ్వర్లు, కె. మంజునాథ్ కలిసి 2004లో ఘన కొవ్వు నానో రేణువుల గురించి అచ్చు వేసిన పరిశోధనా వ్యాసం ఇప్పటికీ దేశవిదేశాల్లో ఈ పని మొదలుపెట్టే విద్యార్థులు చదివేదే. వాళ్లు వాడింది క్యాన్సర్ మందు కాదు, క్లోజపిన్ అనే మానసిక రోగాల మందు. దాన్ని మన ఒంట్లో ఉండేలాంటి కొవ్వు పదార్థాల్లో పొదిగి, 100, 200 నానోమీటర్ల రేణువులు చేశారు. ఆ తర్వాత ఎలుకల చిన్నపేగులోకి ఎక్కించి చూస్తే, మామూలు మందుతో పోలిస్తే రెండున్నర నుంచి నాలుగున్నర రెట్ల దాకా ఎక్కువ మందు రక్తంలో చేరింది. కొవ్వు రేణువు కూడా కరిగేదే. శరీరం దాన్ని నెయ్యీ నూనెలతో పాటు అరాయించుకుంటుంది. క్యాన్సర్ మందులకు ఇదే పద్ధతిని ఆ కళాశాలలోనూ, మరెన్నో చోట్లా పట్టుకున్నారు. పక్క జిల్లాలోనే చదివిన పిల్లలు ఇలాంటి పనిలో ఉన్నారని మన పత్రికలు రాయవు, అది వేరే సంగతి.

హైదరాబాదు తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అదే ఐ.ఐ.సి.టి., మందు మోసే కొవ్వు బుడగల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. అక్కడి రాజ్‌కుమార్ బెనర్జీ బృందం క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే గ్రాహకాలకు పోయి అతుక్కునే బుడగలు తయారు చేసింది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐ.ఐ.టి. హైదరాబాదులో అరవింద్ కుమార్ రెంగన్ ఉన్నారు. ఆయన అంతకుముందు ఐ.ఐ.టి. బొంబాయిలో చేసిన పని 2015లో అచ్చయింది. కొవ్వు బుడగ మీద బంగారం పూత వేసి, లేజర్ కాంతితో వేడెక్కించి గడ్డను కాల్చడం ఆ పని. బంగారం కరగదు కదా అని ఇందాక నేనన్నాను. వాళ్లు దానికి చేసిన ఉపాయం బాగుంది. బంగారాన్ని ఒక ముద్దగా కాక, బుడగ విచ్చిపోగానే చిన్నచిన్న ముక్కలయ్యేలా పూశారు. ఎలుకల్లో చూస్తే ఆ ముక్కలు కాలేయం ద్వారా, మూత్రపిండాల ద్వారా బయటికి పోయాయి. శామీర్‌పేట దగ్గరి బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణంలో స్వాతి బిశ్వాస్ బృందం కరిగే పాలిమర్ రేణువుల మీద పనిచేస్తోంది.

ఫోలిక్ యాసిడ్ గురించి ఇందాక సగం చెప్పి వదిలేశాను. కొన్ని రకాల క్యాన్సర్ కణాలు, ముఖ్యంగా అండాశయ క్యాన్సర్‌లో, ఫోలిక్ యాసిడ్ కోసం తహతహలాడుతూ తమ పై పొర మీద దాన్ని పట్టుకునే గ్రాహకాలను విపరీతంగా పెంచుకుంటాయి. కాబట్టి నానో రేణువు మీద ఫోలిక్ యాసిడ్ అతికిస్తే ఆ కణం దాన్ని తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు ఈ పద్ధతిని ప్రయత్నించాయి. సుబ్బారావు ఫోలిక్ యాసిడ్ పోలికను విషంగా వాడితే, ఇప్పటివాళ్లు ఫోలిక్ యాసిడ్‌నే ఎరగా వాడుతున్నారు.

ఇక చేదు సంగతులకు వద్దాం. గడ్డలోని రక్తనాళాలు తొందర తొందరగా పెరిగినవి కాబట్టి వాటి గోడలకు సందులు ఎక్కువ, నానో రేణువులు ఆ సందుల్లోంచి గడ్డలోకి జారి అక్కడే ఉండిపోతాయని 1986లో జపాన్‌లో యసుహిరో మత్సుమురా, హిరోషి మయెదా చెప్పారు. ముప్పై ఏళ్లు అందరూ ఆ మాట మీదే ఇళ్లు కట్టారు. 2016లో టొరంటోలోని వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్లలో అచ్చయిన జంతు ప్రయోగాలన్నీ పోగేసి లెక్క తీసింది. ఎక్కించిన రేణువుల్లో గడ్డ దాకా చేరినవి మధ్యస్థంగా 0.7 శాతం. వందలో ఒకటి కూడా కాదు! మిగతావి ఎక్కువగా కాలేయానికీ, ప్లీహానికీ పోయాయి. ఎలుక వీపు మీద పదిహేను రోజుల్లో పెంచిన గడ్డకూ, మనిషిలో ఐదారేళ్లుగా పెరిగిన గడ్డకూ రక్తనాళాలు ఒకలా ఉండవు. అదే 2016లో, కరిగే నానో రేణువులతో ప్రొస్టేట్ క్యాన్సర్‌కు మందు తెస్తామని లాంగర్ భాగస్వామ్యంతో మొదలైన బైండ్ థెరప్యూటిక్స్ అనే అమెరికా కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. దాని మందు పరీక్షల్లో ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. పెద్ద పేర్లు ఉన్నంత మాత్రాన పని జరగదు.

మరి దీని వల్ల ఇంతవరకు ఒరిగిందేమిటి? నన్నడిగితే, అద్భుతం కాదు, ఊరట. గడ్డలోకి పోయే మందు అనుకున్నంత పెరగకపోయినా, పోకూడని చోటికి పోయే మందు తగ్గింది. డాక్సోరుబిసిన్ అనే మందు గుండెను దెబ్బతీస్తుంది. దాన్ని కొవ్వు బుడగలో పెట్టి 1995లో డాక్సిల్ పేరుతో తెచ్చాక గుండెకు దెబ్బ తగ్గింది. దానికి బదులు అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి పొర ఊడడం కొత్తగా వచ్చింది. గుండె దెబ్బతినడం కన్నా అరికాలు ఊడడం నయం, అంతే లెక్క. ఆముదం ద్రావకం వల్ల వచ్చే ప్రమాదం తప్పడం కూడా అలాంటి ఊరటే. ఆరు విడతలు పూర్తి చేయాల్సిన మనిషి మూడో విడతకే కూలబడిపోకుండా ఉండడం చిన్న విషయం కాదు.

అయితే ఆ ఊరట కొనుక్కోగలిగితేనే. నానో రూపంలో ఉన్న మందు మామూలు రూపం కన్నా ఖరీదు. ధర విషయంలో మన హైదరాబాదు కంపెనీ ఒకటి చేసిన పని ఇక్కడ చెప్పాలి, అది నానో మందు కాకపోయినా. బేయర్ కంపెనీ అమ్మే సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్రలకు నెలకు దాదాపు 2,80,000 రూపాయలయ్యేది. 2012 మార్చిలో నాట్కోకు మన దేశంలోనే మొట్టమొదటి తప్పనిసరి లైసెన్సు వచ్చింది. నెలకు 8,880 రూపాయలకు మించకుండా అమ్మాలన్నది షరతు. మందు కనిపెట్టడం ఒక యుద్ధమైతే అందుబాటులోకి తేవడం రెండో యుద్ధం. రెండోదానికి శాస్త్రవేత్తల కన్నా ప్రభుత్వాలూ, కోర్టులూ, కాస్త మొండితనం ఉన్న కంపెనీలూ కావాలి. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగింది. ఏ మందు ఆ పథకంలోకి వస్తుంది, ఏది రాదు అన్నది మాత్రం ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

మరో మాట. నానో అన్న పేరుకు గిరాకీ పెరిగాక దాని వెనక మోసాలూ వస్తున్నాయి. నానో బంగారు భస్మమనీ, నానో పసుపు చుక్కలనీ ఫోన్లో వీడియోలు తిరుగుతాయి. నానో అన్నది కొలత మాత్రమే, వైద్యానికి అది హామీ కాదు. మందు కొనే ముందు బిల్లు అడగండి, బ్యాచ్ నెంబరు చూడండి, డాక్టరు రాయనిది తీసుకోకండి. అలాగే మన పెరళ్లలో బిళ్లగన్నేరు ఉంటుంది. దానిలోంచే విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ అనే రెండు క్యాన్సర్ మందులు తీశారు, నిజమే. కానీ అవి మిల్లీగ్రాముల లెక్కన, నరంలోకి, రక్తపరీక్షలు చూసుకుంటూ ఇచ్చే మందులు. ఆకు నూరి పసరు తాగితే అందులో ఎంత విషం ఉందో ఎవరికీ తెలియదు. పెద్దలు చెప్పారనో, అడవిలో ఎవరో ఇచ్చారనో ఆ పని చేసి మూడు నెలలు పోగొట్టుకుంటే, ఆ తర్వాత ఏ నానో రేణువూ ఆ మూడు నెలలను తిరిగి ఇవ్వదు.

ఎంత మంచి రేణువైనా చిన్న గడ్డ మీద పనిచేసినట్టు ఒళ్లంతా పాకిన జబ్బు మీద పనిచేయదు. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే, అది గుట్కా వేసుకునేవాళ్లకైనా, వేసుకోనివాళ్లకైనా, రొమ్ములో గడ్డ చేతికి తగిలితే, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే, సిగ్గుపడి దాచుకోకండి. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేసే కార్యక్రమం ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి, మీ ఇంట్లో అమ్మనూ, అత్తమ్మనూ వెంటబెట్టుకొని ఈ వారంలోనే వెళ్లి రండి.